మందు తగలని జుట్టు

"అది నీ ఒక్కదాని జుట్టనుకుంటున్నావా, ఇష్టమొచ్చినట్టు కత్తిరించుకోవడానికి?"

ఉమామహేశ్వరమ్మ కోడలి చేతిలోంచి కత్తెర లాగేసుకుంది. బాత్‌రూమ్ అద్దం ముందు నిలబడ్డ చంద్రిక నోరెళ్లబెట్టింది.

"చివర్లు చిట్లాయి అత్తయ్యా. ఒక్క అంగుళం ట్రిమ్ చేస్తే..."

"అంగుళం కాదు, ఒక్క వెంట్రుక తియ్యడానికి వీల్లేదు. చిట్లితే నూనె పెడతాను, రా."

ఈ గలాటా విని అవినాష్ లాప్‌టాప్ వదిలేసి వచ్చాడు. అతని బాధ వేరు. సాయంత్రం లాస్ కొలీనాస్‌లో వాళ్ల ఆఫీసు డిన్నరు.

"ట్రిమ్ ఎందుకు, స్ట్రెయిటెనింగే చేయించుకో చంద్రికా. మధ్యాహ్నం రెండింటికి సెలూన్ బుక్ చేశాను. ఈ పొదేసుకుని మా డైరెక్టర్ ముందుకి ఎలా వస్తావు?"

పొద. ఆ జుట్టుకి మొగుడు పెట్టిన ముద్దుపేరు అది. దాని కోసం చంద్రిక పడ్డ పాట్లు అతనికేం తెలుసు? పన్నెండేళ్లు మాడు మండిపోతున్నా పళ్ల బిగువున ఆ జుట్టు సాపుచేసే మందు పూయించుకుంది. రెండేళ్ల కిందట మానేసి, మందు తగిలినంత మేరా కత్తిరించి పారేసింది. ఇర్వింగ్ ఇండియన్ స్టోర్లో ఉల్లిపాయలు ఏరుకుంటుంటే "ఏం జబ్బమ్మా?" అని ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా అడిగారు. అయినా చంటిపిల్లని సాకినట్టు సాకింది. దువ్వెన పక్కన పడేసి వేళ్లతోనే చిక్కు తీసుకుంది. తువ్వాలు తగలనివ్వకుండా పాత టీషర్టుతో తడి అద్దుకుంది. శాటిన్ టోపీ పెట్టుకుని పడుకుంది. ఇప్పుడది రింగులు తిరిగి భుజాలు దాటింది. అద్దంలో చూసుకుంటే తనకే ముద్దొస్తుంది.

మందు మానెయ్యమని మొదట పోరింది కూడా ఈ అత్తగారే, గుంటూరు నుంచి, వాట్సాప్‌లో.

"నేను సెలూన్‌కి రాను," అంది చంద్రిక.

"ప్రతిసారీ ఇదే డ్రామానా? నా పరువేం కావాలి?"

"నోర్ముయ్యరా!" ఉమామహేశ్వరమ్మ కత్తెర కొడుకు వైపు తిప్పింది. "ఆ మందు దీని తలకి తగిలిందంటే ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టను. పో, క్యాన్సిల్ చెయ్యి."

అవినాష్ గొణుక్కుంటూ ఫోన్ తీశాడు.

చంద్రికకి కళ్లు చెమర్చాయి. స్నేహితురాళ్ల అత్తగార్లు విజిటర్ వీసా మీద దిగీ దిగగానే వంటింటి డబ్బాల దగ్గర్నుంచి కోడలి నడక దాకా వంకలు పెడుతుంటే, తనకీవిడ దొరకడమేమిటి! జనవరిలో వచ్చిన దగ్గర్నుంచి అవిసె గింజలు ఆవిడే ఉడకబెడుతుంది. పల్చటి గుడ్డలో వడగట్టి, ఆ జిగురు పాయపాయకీ ఆవిడే పట్టిస్తుంది.

హాల్లో సోఫా మీద అత్తగారు కూర్చుంది. కార్పెట్ మీద, ఆవిడ కాళ్ల దగ్గర చంద్రిక చతికిలబడింది. గోరువెచ్చని కొబ్బరినూనె మాడుకి ఇంకుతోంది.

"ఎంత ఒత్తుగా వచ్చిందే నా తల్లీ! దిష్టి తగిలేలా ఉంది."

"స్కూల్లో అందరూ నన్ను నూడిల్స్ అని ఏడిపించేవాళ్లు అత్తయ్యా. మా అమ్మ అయితే ఈ జుట్టుకి పెళ్లెలా అవుతుందని తల బాదుకునేది. నా జుట్టు బాగుందన్న మొదటి మనిషి మీరే."

"పిచ్చిపిల్లా! నీ జుట్టు విలువ నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

చంద్రిక తల వెనక్కి వాల్చి ఆవిడ మోకాలి మీద ఆనించుకుంది. పుట్టి బుద్ధెరిగాక అంత సుఖంగా ఎప్పుడూ లేదు.

ఇంతలో ఫోన్ మోగింది. ఎడిసన్ నుంచి ఆడపడుచు రష్మి. నూనె చేతులతో ఉమామహేశ్వరమ్మ స్పీకర్ నొక్కింది.

"అమ్మా! లాటరీలో నా పేరొచ్చింది! హెచ్‌వన్ వీసాకి పిక్ అయ్యానే! లాయర్ ఇప్పుడే మెయిల్ పెట్టాడు!"

రెండేళ్లు వరుసగా పేరు రాక, ఇదే ఆఖరి ఛాన్సని పది రోజులుగా ఏడుస్తున్న పిల్ల. చంద్రిక ఎగిరి గంతేసింది. అవినాష్ చెల్లెలితో అరిచి, కేకేసి, ఫోన్ పెట్టేసేసరికి ఉమామహేశ్వరమ్మ ప్యాంట్రీలో ఉన్న దేవుడి పటం ముందు చేతులు జోడించి నిలబడి ఉంది.

"నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు స్వామీ. ఇక నా వంతు." కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, జూన్‌లో నాతోపాటు చంద్రికకీ టికెట్ బుక్ చెయ్యి. కొండకెళ్లాలి."

"నేనెందుకు అత్తయ్యా?" చంద్రిక ఇంకా నవ్వుతూనే ఉంది.

"మొదటిసారి దాని పేరు రానప్పుడే మొక్కుకున్నానే, రష్మికి లాటరీ తగిలితే నీ తలనీలాలు ఇస్తానని. మందు పూసిన జుట్టు దేవుడికెలా ఇస్తాం? అందుకే మానిపించాను. రెండేళ్లు కంటికి రెప్పలా కాపాడుకొచ్చాను, మాటలా!"

చంద్రిక చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్లింది. రింగులు నూనెతో తడితడిగా వేళ్లకి చుట్టుకున్నాయి.

అవినాష్ పకపకా నవ్వాడు. "నేనైతే సెలూన్‌తో సరిపెట్టేవాణ్ని కదే!"

"లాటరీ తగిలింది రష్మికి కదా అత్తయ్యా..." అంది చంద్రిక. "రష్మి తలనీలాలే మొక్కుకోవచ్చుగా?"

ఉమామహేశ్వరమ్మ వినరాని మాట విన్నట్టు చెంపలు వేసుకుంది.

"దాందా? పట్టుకుచ్చులాంటి జుట్టే దానిది! గుండు చేయించడానికి మనసెలా ఒప్పుతుందే?"