నిన్నటి కూర

"తమ్ముడూ, నిన్న నేను చెప్పిన కూరగాయ ఏది?"

ఆసుపత్రి గది తుడిచే ఆవిడ కర్ర గోడకు ఆనించి అడిగింది.

మంచం పక్కన కూర్చున్న అతని అక్కకు ఒళ్లు మండింది. రోజూ ఇదే తంతు. తుడిచి వెళ్తూ ఓ కూరగాయ పేరు చెప్పడం, మర్నాడు అప్పజెప్పమనడం.

తమ్ముడికి ఎముక మూలుగ మార్చి ఇరవై రెండు రోజులు. రోగాన్ని ఎదిరించే శక్తి ఒంట్లో ఇంకా పుట్టలేదు. ఈగ రావాలన్నా మాస్కు పెట్టుకుని రావాల్సిన గది. ఇందులో ఈవిడ కబుర్లొకటి!

"కూరగాయా?" తమ్ముడు తెల్లమొహం వేశాడు. "మీరు కొత్తగా చేరారా?"

ఆవిడ చేతిలోని బకెట్ కింద పెట్టేసింది.

"అమ్మా, డాక్టర్ని పిలవండి. వెంటనే."

"ఎందుకు? కూర పేరు చెప్పనందుకా?"

"నవ్వులాట కాదమ్మా. నిన్నటిదాకా టకటకా చెప్పాడు."

"రాత్రంతా నిద్ర లేదు వాడికి. నువ్వు తుడవడానికొచ్చావా, వైద్యానికొచ్చావా?"

అక్క అక్కడే సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసింది. అయిదు నిమిషాల్లో అతను వచ్చాడు. రేపట్నుంచి పనిలోకి రావద్దన్నాడు.

ఆవిడ బతిమాలలేదు. చేతి తొడుగులు పీకేసి, పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

"అక్కా," అన్నాడు తమ్ముడు. "నీ మూలుగ ఎప్పుడు తీస్తారు?"

ఆమె నవ్వేసింది. "తీసి నీలో పోసి మూడు వారాలైందిరా. ఇచ్చిన సంగతే ఎగ్గొడతావా?"

"అవునా? సరే."

అర నిమిషం గడిచింది.

"అక్కా, నీ మూలుగ ఎప్పుడు తీస్తారు?"

ఆమె అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"వేళాకోళం ఆపరా. భయమేస్తోంది."

"భయమెందుకే? మత్తిస్తారుగా. ఇంతకీ ఎప్పుడు తీస్తారు?"

అక్క గభాల్న లేచింది. బెల్లు కోసం గోడంతా తడిమింది. అది చేతికి దొరికేలోపే తలుపు తెరుచుకుంది. డాక్టరు, వెనక ఇద్దరు నర్సులు.

డాక్టరు తమ్ముణ్ణి నాలుగు ప్రశ్నలడిగాడు. అయిదోది అడగలేదు.

"మెదడుకు వైరస్ పాకినట్టుంది. హెర్పిస్ జాతిది. చిన్నప్పుడే అందరి ఒంట్లో చేరి నిద్రపోతుంది. కాపలా లేదని తెలిస్తే లేస్తుంది. వెన్నులో నీరు తీసి పరీక్షకు పంపుతాం. ఫలితం వచ్చేదాకా ఆగం, మందు ఇప్పుడే ఎక్కిస్తాం."

"బతుకుతాడా?"

"తొందరగా తెలిసింది కాబట్టి ఆశ ఉంది. రేపైతే ఈ మాట అనలేకపోయేవాణ్ణి."

"నేను బెల్లు కొట్టనే లేదు. మీరెలా..."

"తుడిచే ఆవిడ. నా గది తలుపు విరగ్గొట్టినంత పని చేసింది."

రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. మూడు రోజులు తమ్ముడు అక్కను గుర్తుపట్టలేదు. ఆమె మంచం పక్కనుంచి కదల్లేదు, కడుపునిండా తినలేదు.

పదో రోజు ఉదయం గుండె చిక్కబట్టుకుని అడిగింది.

"నిన్నటి కూర ఏదిరా?"

"దొండకాయ. రేపటికైనా కాస్త మంచిది చెప్పవే."

అక్క భోరుమంది. కళ్లు తుడుచుకుంటూనే సూపర్‌వైజర్ దగ్గరకు పరుగెత్తింది.

"ఆవిణ్ణి వెనక్కి పిలవండి. తప్పు నాది."

"ఎక్కడని పిలవనమ్మా? ఫోన్ పనిచెయ్యడం లేదు. అద్దె గది ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది." అతను తల వంచుకున్నాడు. "ఆవిడ బళ్లో పంతులమ్మ. ఆ ఉద్యోగం మానేసి వచ్చి, ఈ వార్డే కావాలని పట్టుబట్టింది."

"ఈ వార్డే ఎందుకు?"

మూడేళ్ల కిందట అదే గదిలో, అదే మంచం మీద కొడుకు అడిగిందే అడుగుతుంటే, వేళాకోళమనుకుని రెండు రోజులు నవ్వుతూ కూర్చున్న తల్లి ఆవిడ.