మంత్రానికి లొంగని మనిషి

మూడు తలల డ్రాగన్ రెండో దెబ్బకే చచ్చిపోయింది.

“అంతేనా అక్కా?” అన్నాడు ఆకాష్. “వారమంతా కూర్చుని తయారుచేశానన్నావు. పకోడీలు చల్లారకముందే పోయింది.”

జ్యోత్స్న ముఖం చిన్నబోయింది. తెనాలిలో వాళ్ళ మేడమీది గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం సాగే ఆట అది. ఆమె కథ చెబుతుంది. మిగతా ముగ్గురూ ఆ కథలో వీరులు. ఏం చేస్తారో వాళ్ళు చెప్పాలి, అది ఫలిస్తుందో లేదో ఇరవై ముఖాల పాచిక తేల్చాలి. ఒకప్పుడు ఎలుకల గుంపును చూసి పారిపోయిన ఆ వీరులే ఇప్పుడు ఎంతగా ఎదిగిపోయారంటే, ఆమె ఎవర్ని ఎదురు పంపినా నిలవటం లేదు.

“ఇంకా పెద్ద రాక్షసుణ్ణి మాత్రం పెట్టకే,” అంది జెన్నిఫర్. “వాడికీ ఇదే గతి. ఏదన్నా కొత్తగా ఆలోచించు.”

నరసింహం మాస్టారు తన వంతు పకోడీలు తింటున్నారు. రేపల్లెలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. “మా ఆవిడ వెళ్ళిపోయిందమ్మా, ఇంట్లో ఏమీ తోచటం లేదు” అంటూ ఒకనాడు పాచికలు చూడ్డానికి వచ్చి ఆటలో ఉండిపోయారు. ఇప్పుడు ఆ కథలోకెల్లా గొప్ప మాంత్రికుడు ఆయనే. చచ్చినవాళ్ళను సైతం లేపగలరు.

జ్యోత్స్న దగ్గర మరో సవాలు ఉంది. అది తట్టిన రోజునే, వద్దులే అనుకుని పక్కన పెట్టేసింది. ఆకాష్ నవ్వు చూశాక ఆగలేకపోయింది.

“డ్రాగన్ వెనకాల మెట్లున్నాయి,” అంది. “దిగితే చనిపోయినవాళ్ళ ఊరు. అక్కడ ఏటి ఒడ్డున ఒకావిడ చేట ఒళ్ళో పెట్టుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. మాంత్రికుణ్ణి చూసింది గానీ పలకరించలేదు.”

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు. “ఆవిడది ఎడమచేతి వాటమా?”

ఎన్నో వారాల తర్వాత ఒక మనిషి ఆమె కథ వింటూ అలా ముందుకు వంగటం. అక్కడే ఆగిపోవలసింది.

“అవునండి,” అంది జ్యోత్స్న.

“అయితే లేపుతాను.”

పాచిక దొర్లి ఇరవై మీద ఆగింది. ఆకాష్ ఈల వేశాడు.

“మంత్రం తగిలింది. అయినా ఆవిడ లేవలేదు,” అంది జ్యోత్స్న. “‘మీ మంత్రాలకు లేచే మనిషిని కాదు నేను. నాకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. అది చెబితే వస్తా’ అంటోంది.”

“ఏం మాటమ్మా?”

“అది మీకే తెలియాలి మాస్టారూ.”

ఆయన పెదవులు కదిలాయి. పాచికను పక్కకు జరిపి లేచి నిలబడ్డారు. “రైలు టైమైందమ్మా,” అంటూ మెట్లు దిగిపోయారు. రైలుకి ఇంకా చాలా సేపుంది.

జెన్నిఫర్ జ్యోత్స్న వైపు తిరిగింది. “ఆయన భార్య పోయి ఏడాదన్నా కాలేదు. ఆవిణ్ణి తెచ్చి అక్కడ కూర్చోబెట్టావా? నీకు మనసెలా ఒప్పిందే?”

“ఆటే కదా...”

“మనకి.”

జ్యోత్స్న పాచికలు తీసి డబ్బాలో వేసింది. కొత్త సవాలు కోసం తను ఎక్కడెక్కడో వెతకలేదు. ఎదురుగా ఉన్న మనిషికి ఎక్కడ నొప్పో చూసుకుని అక్కడే వేలు పెట్టింది. ఆయన ‘ఏం మాటమ్మా’ అని అడుగుతుంటే, లోపల్లోపల ‘పండింది’ అనుకుని మురిసింది కూడా. ఆ మురిపెం గుర్తొస్తే అన్నం సయించలేదు.

మాస్టారికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మర్నాడూ అంతే. మంగళవారం సెలవు పెట్టి రేపల్లె రైలెక్కింది. క్షమించమని ఎలా అడగాలో దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. వేమూరు దాటేసరికి అన్నీ అబద్ధాల్లాగే వినిపించాయి.

మాస్టారింటికి తాళం వేసి ఉంది. పక్కింటి సీతారావమ్మ బయటికి వచ్చింది.

“మాస్టారు ఆదివారం వచ్చీ రాగానే మళ్ళీ బయల్దేరారమ్మా. ఎక్కడికండీ అంటే బాపట్ల అన్నారు. మనిషి మనిషిలా లేరు. బట్టలు కూడా పెట్టుకోలేదు. ఫోను ఇంట్లోనే మోగుతోంది.”

బాపట్ల అనగానే జ్యోత్స్న కళ్ళకు సముద్రమే కట్టింది. అరుగు మీద కూలబడింది. జెన్నిఫర్‌కి ఫోను చేసి, “ఆయన్ని నేనే చంపేశానే,” అని ఏడ్చింది.

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. ఆదివారం నాటి చొక్కాతోనే, గడ్డం మాసి, మాస్టారు దిగారు.

జ్యోత్స్న ఒక్క పరుగున వెళ్ళి ఆయన చేతులు పట్టుకుంది. “తప్పయిపోయింది మాస్టారూ! ఎదురుగా మీరున్నారని కూడా చూడకుండా, చనిపోయిన ఆవిణ్ణి ఆటలోకి లాగాను. నన్ను క్షమించండి.”

“ఎవరమ్మా చనిపోయింది?” ఆటోలోంచి సూట్‌కేసు దించుకుంటూ అడిగిందొక పెద్దావిడ.

మాస్టారు ఇద్దరి వంకా మార్చి మార్చి చూశారు.

“మా ఆవిడమ్మా, మాణిక్యాంబ. నాతో పోట్లాడి బాపట్లలో తమ్ముడింట్లో కూర్చుంది. తప్పు నాదేనని చెప్పాను, వచ్చేసింది.”