ఏడు తరాల కొర్ర

"ఏడు తరాల నుంచి మా ఇంట్లో ఉన్న విత్తనం అని చెప్పాలమ్మా. అంతే. ఇంకొక్క మాట కూడా వద్దు" అన్నాడు ప్రొఫెసర్ రామకృష్ణయ్య.

"అట్ల కాదు సారూ. నేను మొదుట్నుంచీ చెప్తానే ఉండా. మీరే ఇనరు" అంది యేసమ్మ.

ఇద్దరూ జమ్మలమడుగు దగ్గర ఆమె కొర్ర చేని గట్టు మీద నిలబడి ఉన్నారు. ఆ ఏడు వానల్లేక చుట్టుపక్కల చేలన్నీ మాడిపోయాయి. యేసమ్మ రెండెకరాల్లో మాత్రం కంకులు బరువుకు వంగి ఉన్నాయి. ఆ రెండెకరాల ఫొటోలు చూపించే రామకృష్ణయ్య ఒక విదేశీ విశ్వవిద్యాలయంతో పరిశోధన ఒప్పందం కుదుర్చుకున్నాడు. కరువును తట్టుకునే ప్రాచీన విత్తనాన్ని తానే కనిపెట్టానని మూడు దేశాల్లో ఉపన్యాసాలిచ్చాడు. ఇవాళ కూడా బూట్లకు మట్టి అంటుతుందని గట్టు దిగలేదు.

"ఏడు తరాలని మీకెవురు చెప్పినారు సారూ?"

"ఎవరో చెప్పాలా? మిమ్మల్ని చూస్తేనే తెలుస్తుందమ్మా!"

యేసమ్మ ఇక లాభం లేదని హెప్సిబా వైపు తిరిగింది. హెప్సిబా ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. యేసమ్మ వెళ్లే చర్చికే వస్తుంది.

"నువ్వన్నా చెప్పు పాపా."

"రాసిచ్చినా పెద్దమ్మా. ఆ పేజీ సారు చించేసినాడు" అంది హెప్సిబా మెల్లగా.

మెల్లగా అన్నా రామకృష్ణయ్యకు వినబడింది. "హెప్సిబా, నీ థీసిస్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది. మర్చిపోకు" అన్నాడు నవ్వుతూ. ఆ అమ్మాయి తల దించుకుంది.

అంతలో కారు వచ్చి ఆగింది. ఆ విదేశీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఇద్దరు శాస్త్రవేత్తలు దిగారు. వాళ్లు బూట్లను లెక్కచేయకుండా నేరుగా చేలోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని కంకులను పట్టిపట్టి చూశారు. వాళ్లలో పెద్దావిడ లేచి వచ్చి యేసమ్మను ఏదో అడిగింది.

"ఈ విత్తనం నీకు యాడ నుంచి వచ్చిందని అడుగుతాంది పెద్దమ్మా" అంది హెప్సిబా.

రామకృష్ణయ్య గట్టిగా దగ్గాడు.

యేసమ్మ హెప్సిబా ముఖంలోకి చూసింది. ఈ పిల్లను చదివించడానికి వాళ్లమ్మ ఎన్నేళ్లు కూలికి పోయిందో ఆమెకు తెలుసు. ఒక్క అబద్ధమే కదా, చెప్పేస్తే పోతుంది అనుకుంది. నోరు తెరవబోయింది.

"ఉండేది ఉన్నట్టు చెప్పు పెద్దమ్మా. నా సంగతి నేను చూసుకుంటా" అంది హెప్సిబా.

యేసమ్మ పెద్దావిడ వైపు తిరిగింది.

"ఆరేండ్ల కిందట ఈ సారోళ్ల యూనివర్సిటీ వ్యాను మా ఊరికి వచ్చింది. ఇంటికొక పొట్లం ఊరకే ఇచ్చినారు. ఊరకే ఇచ్చింది ఏం మొలుస్తాదిలే అని అందరూ కోళ్లకేసినారు. నేను చేలో విత్తినా. ఆ ఏడు వాన రాల్యా. పది మొలకల్లో ఒకటి నిలబడింది. నిలబడిన దాంట్లోనే మంచి కంకులు ఏరి దాపెట్టుకున్యా. ప్రతేడూ అంతే. తరాలూ ల్యా, ఏం ల్యా. అది వాళ్ల పొట్లమే."

రామకృష్ణయ్య ముఖం పాలిపోయింది. తన విశ్వవిద్యాలయం పంచిన గింజనే ఆయన ఇన్నాళ్లూ ప్రాచీనం అంటూ దేశదేశాలు తిప్పాడు! హెప్సిబా ఒక్క ముక్క మింగకుండా మొత్తం ఇంగ్లీషులో చెప్పేసింది. వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆయన వైపు తిరిగారు.

ఆయన నీళ్ల సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు. అంతే, ముఖంలోకి మళ్లీ రంగు వచ్చేసింది. ఆ చేనంతా తానే దున్నినట్టు చేతులు చాపి చూపిస్తూ ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాడు. వాళ్లు తలలూపారు. తర్వాత చప్పట్లు కొట్టారు. పెద్దావిడ ఆయన చేతులు పట్టుకుని ఊపింది.

చప్పట్లు తనకే అనుకుని యేసమ్మ అందరికీ దండం పెట్టింది. ముగ్గురూ ఎక్కి కారు కదలగానే హెప్సిబా భుజం మీద చెయ్యి వేసింది.

"చూస్తివా పాపా, నిజం చెప్తే ఎవురన్నా ఏమన్నా అన్యారా? వచ్చే వారం కోత పెట్టుకుంటా. ఊర్లో పదైదు మంది ఆడోళ్లు విత్తనం అడిగిండారు, వాళ్లకియ్యాల. నువ్వేంది, ఏడుస్తాండావు?"

"సారు ఇంగ్లీషులో ఏం చెప్పినాడో తెలుసా? విత్తనం యూనివర్సిటీదే అని నువ్వే సాక్ష్యం చెప్పినావంట పెద్దమ్మా. ఈ పంట ఇప్పుడు యూనివర్సిటీ ప్రాజెక్టుదంట. సారు పర్మిషన్ లేకుండా నువ్వు చేలో కొడవలి పెట్టగూడదంట."