రెండో చెయ్యి

వడగళ్ళు మొదట బఠానీ గింజల్లా రాలాయి. కాసేపటికి నిమ్మకాయలంత అయ్యాయి.

స్కూలు బస్సులో పిల్లలకు సంబరంగా ఉంది. "డ్రైవరంకుల్, ఆపండి! ఏరుకుంటాం!" అని ఒకటే గోల.

"ఏరుకోండి నాయనా. బస్సుకి పడ్డ సొట్టలన్నీ మీ నాన్నల చేత తీయిస్తా," అన్నాడు డ్రైవర్.

అందరూ నవ్వారు. ఇంజన్ పక్క సీట్లో కూర్చున్న పాప మాత్రం నవ్వలేదు. ఐదో తరగతి పాప. రోజూ అందరికంటే ముందు ఎక్కేది, అందరికంటే చివర దిగేది. డ్రైవర్ జోకులన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

ఉన్నట్టుండి వడగళ్ళు ఆగిపోయాయి. గాలి కూడా ఆగిపోయింది. పొలాల అవతల నల్లటి మబ్బొకటి కిందికి జారి, నేలను తాకి, గిర్రున తిరగసాగింది. దాని చుట్టూ ఎగురుతున్నవి పక్షులనుకుంది బస్సులో ఉన్న టీచర్.

అవి ఇళ్ళ పైకప్పు రేకులు.

డ్రైవర్ బ్రేకు తొక్కాడు. "మేడమ్, అందర్నీ దించండి. ఇందులో ఉంటే ఒక్కరం కూడా మిగలం."

రోడ్డు కింద సిమెంటు తూము ఉంది. పెద్దవాళ్ళయితే వంగి దూరాలి. టీచర్ ముందు దూరి పిల్లల్ని లోపలికి లాక్కుంటుంటే, డ్రైవర్ బయటి నుంచి ఒక్కొక్కరినీ తోశాడు. తూము కిక్కిరిసిపోయింది.

బయట డ్రైవర్, పాప, ఒకటో తరగతి పిల్లాడు మిగిలారు. షూ జారిపోయిందని బస్సులోనే నిలబడి ఏడుస్తున్న వాణ్ణి చెయ్యి పట్టుకుని దించుకొచ్చింది పాపే.

రైలేదో మీదికి దూసుకొస్తున్నట్టు చప్పుడు. తూము అంచున సిమెంటులోంచి ఒక ఇనప చువ్వ పొడుచుకొచ్చి ఉంది. డ్రైవర్ ఒక చేత్తో దాన్ని పట్టుకుని బోర్లా పడుకున్నాడు. రెండో చెయ్యి చాపాడు. పాప వైపే చాపాడు.

"వాణ్ణి పట్టుకో!" అని అరిచింది పాప. "నేను నీ నడుం పట్టుకుంటా! గట్టిగా పట్టుకుంటా!"

ఆలోచించే వ్యవధి లేదు. పిల్లాణ్ణి ఒడిసిపట్టి పొట్ట కిందికి లాక్కున్నాడు. వెనక నుంచి రెండు చిన్న చేతులు అతని నడుం చుట్టూ బిగుసుకున్నాయి.

గాలి మీదికి వచ్చేసింది. కళ్ళలో మట్టి, నోట్లో మట్టి. ఎక్కడో బస్సు దొర్లిన చప్పుడు. ఊపిరి ఆడటం లేదు. నడుం చుట్టూ పట్టు ఉంది. ఉంది. ఇంకా ఉంది.

తర్వాత లేదు.

పాప పక్క పొలంలో, కంచె అవతల దొరికింది. డ్రైవరే వెళ్ళి ఎత్తుకొచ్చాడు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. అంబులెన్సు వాళ్ళు దుప్పటి కప్పుతుంటే ముఖం మీదికి లాగొద్దని బతిమాలాడు.

తల్లిదండ్రులు పరుగెత్తుకొచ్చారు. ఒకటో తరగతి పిల్లాడి తల్లి వాణ్ణి ఒక్కటేసి, ముద్దు పెట్టుకుని, మళ్ళీ ఒక్కటేసి, బావురుమంది. తర్వాత వచ్చి డ్రైవర్ చేతులు రెండూ పట్టుకుంది.

"అన్నా, నా బిడ్డ నీ చేతుల్లో బతికాడన్నా." గొంతు తగ్గించి అడిగింది. "ఆ పాప వాళ్ళమ్మకి తెలుసా?"

"తెలీదమ్మా. ఫోన్లు పని చెయ్యట్లేదు. నేనే వెళ్ళి చెప్పాలి."

"అయ్యో, ఎలా చెబుతావన్నా?"

అతను చేతులు విడిపించుకుని అంబులెన్సు వైపు తిరిగాడు.

"పక్కనున్న పిల్లని పట్టుకోలేకపోయాడు. వీడేం డ్రైవరు?" అన్నాడు గుంపులోంచి ఎవరో.

టీచర్ గిరుక్కున తిరిగింది. "నోరు ముయ్యండి! మీకేం తెలుసని..."

"వద్దు మేడమ్," అన్నాడు డ్రైవర్. "నేనూ అదే అనుకుంటున్నా. మీరు పాపతో ఆస్పత్రికి వెళ్ళండి. ఒక్కదాన్నే ఉంచకండి, కొత్తవాళ్ళంటే బెరుకు. వాళ్ళమ్మను తీసుకుని నేను వెనకాలే వస్తా."

కూలిన చెట్లనీ వంగిన కరెంటు స్తంభాలనీ దాటుకుంటూ నడిచాడు. ఊళ్ళోకొచ్చి రెండు వీధులు దాటేసరికి అవేవీ లేవు. సుడిగాలి అటు రానేలేదు. తీగల మీద బట్టలు ఆరుతున్నాయి. కుట్టుమిషన్ తొక్కుతున్న దర్జీ తలెత్తి, "ఏంటన్నా, బస్సేదీ? ఇవాళ నటరాజా సర్వీసా?" అని నవ్వాడు. అతను తలూపి ముందుకు సాగాడు.

ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాడు. ముందు ఆమెను కూర్చోబెట్టాలి. మంచినీళ్ళివ్వాలి. పాప ఒక పసివాణ్ణి బతికించిందని చెప్పాలి. ఆ తర్వాతి మాట దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేవాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు.

ఇల్లొచ్చింది. కిటికీలోంచి పాప తల్లి కనిపించింది. వేడిపాలు ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి తిరగబోస్తూ చల్లారుస్తోంది. ముఖంలో ఏ దిగులూ లేదు. ఆ ముఖాన్ని అలాగే ఇంకొంచెంసేపు ఉండనిద్దామని, అతను గుమ్మం ముందే నిలబడిపోయాడు.

చివరికి తలుపు తట్టాడు.

ఆమె గడియ తీసి, అతన్ని సరిగా చూడనైనా చూడకుండా, అతని భుజం మీదుగా వీధిలోకి తొంగిచూస్తూ నవ్వింది: "ఒక్కరే వచ్చారేంటండీ, మీ ముద్దుల కూతుర్ని ఎక్కడ వదిలేశారు?"