బాక్సర్ చేతులు

తెలంగాణ బంద్ రోజు ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి ఉరికొచ్చి పట్టాభి జిమ్ముల దూరిన. నేను బాక్సర్‌ను. పట్టాభి గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిపిన ఎంఎంఏ ఫైటింగ్ నేర్పుతడు. అండ్ల బాక్సర్ నిలుస్తడా లేదా అని మా ఇద్దరికీ ఏడాది నుంచి లొల్లే.

"ఇవాళే తేల్చేసుకుందాం, రా" అన్నడు.

బయట టియర్ గ్యాస్ పేలుతుంటే వీనికి గిప్పుడే పోటీ ఏంది? పట్టాభిది గుంటూరు. తెలంగాణ మాటెత్తితే మొఖం మాడ్చుకుంటడు. నన్ను పడగొట్టి పోలీసులకు పట్టిస్తడేమో అనిపించింది. షట్టర్ కూడ సగమే దించిండు.

నా చేతులు పట్టుకొని ఒక్క క్షణం చూసిండు. బాక్సింగ్ గ్లౌజుల తాళ్లు ఎవరికి వాళ్లు కట్టుకోలేరు. వాడే కట్టి, ముడి మీద ముడి వేసి, పైన టేపు చుట్టిండు. గింత బిగుతు ఎందుకని నా అనుమానం ఇంకా పెరిగింది.

నేను ఒక్క గుద్దు గుద్దకముందే కాళ్లు పట్టి కింద పడేసి, మీద కూసున్నడు.

అప్పుడే పోలీసులు షట్టర్ లేపిన్రు. "రాళ్లేసినోడు ఇటే ఉరికిండు. చేతులు చూపియ్యిండ్రి."

"ఇతను పొద్దుటి నుంచీ నాతోనే ఉన్నాడండీ. ఆ గ్లౌజులు తనంతట తను విప్పుకోలేడు కూడా" అన్నడు పట్టాభి.

ఎస్సై నా గ్లౌజు గుంజి చూసిండు. రాలేదు. పోయిండు.

పట్టాభి కత్తెరతో టేపు కోసి, గ్లౌజులు లాగిండు. నా వేళ్లకు కంకర దుమ్ము అట్లనే ఉంది.

"ఈసారి వచ్చేముందు చేతులు కడుక్కుని రా" అన్నడు.