లియాండర్ చెయ్యి

"అది నీ చెయ్యే, లియాండర్!"

టెలిగ్రాఫ్ ఆఫీసు కిటికీ కింద నిలబడి ఏమోస్ వేలెత్తి చూపించాడు. మూసిన రెక్కల వెనక తంతి యంత్రం టకటకమని మోగుతోంది.

"మతి పోయిందా? నేను నీ ఎదురుగా ఉంటే లోపల నా చెయ్యెలా ఉంటుంది?"

"నువ్వు కాకపోతే నీ శిష్యుడు. విను. 'ఎల్' అక్షరం వచ్చినప్పుడల్లా మీటని అలా సాగదీసి నొక్కేవాడు ఒహాయో మొత్తంలో నువ్వొక్కడివే."

లియాండర్ చెవి ఒగ్గి విన్నాడు. ఒళ్లు మండిపోయింది. గొంతు విని మనిషిని పోల్చుకున్నట్టే, ఆపరేటర్లు టకటక విని చెయ్యిని పోల్చుకుంటారు. వంద మైళ్ల అవతల ఉన్నవాడైనా పేరు చెప్పక్కర్లేదు. ఏమోస్ అన్నది నిజమే. అచ్చం తన చెయ్యే.

సమ్మె మొదలై ఇరవై రోజులు. ఊళ్లోని పదకొండుమంది ఆపరేటర్లనీ కూడగట్టి, బైబిలు మీద ఒట్టు వేయించింది లియాండరే. తంతి మూగబోతే నెల తిరక్కుండా కంపెనీ కాళ్లబేరానికి వస్తుందని అందరికీ ధైర్యం చెప్పిందీ అతనే. ఇప్పుడా తంతి దర్జాగా మోగుతోంది. లోపలున్న ఆ ఒక్క ద్రోహి వల్ల పదకొండు కొంపలు మునిగేలా ఉన్నాయి.

"నిజం చెప్పు. ఎవడికి నేర్పావురా?"

"ఎవడికీ నేర్పలేదు! మా ఇంట్లో పిండి డబ్బా ఖాళీ. పాలు లేక పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అయినా ఆ మీట ముట్టానా? నన్నట్రా అనుమానించేది?"

"అయితే పిల్ల మీద ఒట్టెయ్యి."

"వేస్తున్నా! రా నాతో. వాణ్ణి జుట్టు పట్టుకుని బజార్లోకి ఈడ్చకపోతే నా పేరు లియాండర్ కాదు."

విసవిసా వెనకవైపుకి నడిచి, తలుపుని బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. గడియ ఊగింది. రెండో తన్నుకి ఊడి కిందపడింది. లోపల టకటక మాత్రం ఆగలేదు. ఆ పొగరుకి అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమోస్ వెంట రాగా గదిలోకి దూసుకెళ్లాడు.

"ఎవడ్రా నువ్వు? నా చెయ్యి ఎక్కడ దొంగిలించావ్?"

మీట ముందు కూర్చున్న మనిషి ఆ వార్త పూర్తిచేసి గానీ తల తిప్పలేదు.

"మన భోజనం బల్ల దగ్గర," అంది హల్డా, అతని భార్య. "నాలుగేళ్లుగా పూటపూటా నువ్వు చెంచాతో టకటకలాడిస్తుంటే నేనేమన్నా చెవిటిదాన్నా? ఇక అరవకు. పిల్ల కడుపునిండా పాలు తాగి, ఇప్పుడే ఆ కాగితాల బుట్టలో పడుకుంది."