రాణి వేషం

"నీకు యాక్టింగు రాదు మనోరమా. మనసుల ఏదుంటే మొకంల అదే కనబడ్తది. స్టేజి అంటే పప్పు వండుడు గాదు," అన్నాడు మహిధర్, అందరూ వింటుండగానే.

మనోరమ అతని భార్య. అతను ఇంట్లో మరిచిపోయిన కళ్లద్దాలు ఇచ్చి వెళ్దామని రిహార్సలు జరిగే కందిపప్పు గోదాముకు వచ్చింది. వచ్చిన వేళకు అక్కడ మగవాళ్లంతా తలలు పట్టుకుని కూర్చున్నారు. ఆదివారం నాటకం. రాణి వేషానికి ఎప్పుడూ వేరే ఊరి నుంచే నటిని పిలిపిస్తారు. తమ ఇళ్ల ఆడవాళ్లు స్టేజి ఎక్కకూడదని జహీరాబాద్ నాటక సమాజం ఎక్కడా రాసుకోలేదు గానీ, అందులోని కళాసేవకులకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. ఈసారి ఆ నటి తనకు గొంతు పోయిందని కబురు చేసింది. ఆ వేషం తాను వేస్తానంది మనోరమ.

రాజు వేషం మహిధర్‌ది. ఇంకెవరిదవుతుంది? ఊళ్లో అతనికి ఎరువుల దుకాణం ఉంది. బోర్డు మీద ఎరువుల పేర్ల కంటే 'నటశేఖర' అన్న అక్షరాలే పెద్దవి. ఆ బిరుదు ఎవరిచ్చారో ఇంతవరకు ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. తెల్లవారితే ఇంట్లో భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని పద్యాలు సాధన చేస్తాడు. రాణి మాటలు ఆమె చేతనే చదివిస్తాడు. అలా చదివీ చదివీ పాత్రంతా ఆమెకు నోటికొచ్చేసింది. నోటికొచ్చినంత మాత్రాన నటన వస్తుందా అని ఇప్పుడు అతనే నవ్వుతున్నాడు.

"ఒక్కసారన్న స్టేజి ఎక్కనియ్యున్రి. మల్ల అడగ," అంది మనోరమ. గొంతులో ఆశ దాచుకుందామన్నా దాగలేదు.

మంత్రి వేషం వేసే షరీఫ్‌కు చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద టైర్ల దుకాణం ఉంది. వేయనిస్తే పోయేదేముంది భాయ్ అన్నాడు. తన పరువు పోతుందన్నాడు మహిధర్. రాజు పద్యం ఎత్తుకుంటే ఎదురుగా నిలబడడానికి కూడా ఒక స్థాయి కావాలట. రాణి లేని నాటకం ఎట్లా ఆడతారని షరీఫ్ అడిగితే, తాను ఒక్కడే పాడి మూడు గంటలు లాగుతానన్నాడు. ఆ మాటకు గోదాములో అందరికీ నిజంగానే భయమేసింది.

నాటకం నేర్పేదీ, హార్మోనియం వాయించేదీ చెన్నబసప్ప మాస్టరే. ఆయన పెట్టె మీంచి చేతులు తీసి మనోరమ వైపు తిరిగాడు.

"స్టేజి మీద లేనిది ఉన్నట్టు నమ్మించాలె అమ్మా. గంతే నటనంటే. ఈడున్నోళ్లల్ల ఒక్కరన్న నమ్మితే రాణివి నువ్వే. నమ్మకుంటే ఇగ నాటకం బంద్."

మనోరమ సరేనంది. కాకపోతే రాజు యుద్ధానికి పోతూ పాడే పద్యం ముందు తన భర్త పాడాలని, అది వింటే తనకు జర ధైర్యం వస్తుందని అడిగింది. మహిధర్ మొహం వెలిగిపోయింది. ఆపమని అడిగినవాళ్లే తప్ప, పాడమని అడిగినవాళ్లు అతనికి ఇంతవరకు తగల్లేదు.

మనోరమ బస్తాల వైపు వెళ్లి, చేతిసంచీలో కాసేపు వెతుక్కుని, అటు తిరిగి నీళ్లు తాగింది. కొంగు రాణిలా తల నిండా కప్పుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

మహిధర్ అందుకున్నాడు. హార్మోనియం ఒక శ్రుతిలో ఉంటే అతను ఇంకో శ్రుతిలో ఉన్నాడు. మాస్టరు వెంట వెంట పరుగెత్తి, పట్టుకోలేక, చివరికి వదిలేశాడు. రాగం తీసిన సేపట్లో రాజు యుద్ధానికి పోయి తిరిగి రావచ్చు. షరీఫ్ ఫోన్ తీసి టైర్ల రేట్లు చూసుకోసాగాడు.

మనోరమ మాత్రం అరమోడ్పు కళ్లతో భర్తనే చూస్తోంది. అతను కుడిచెయ్యి పైకెత్తినప్పుడల్లా ఆమె తల మెల్లగా ఊగింది. అతను గుండె మీద చెయ్యి వేసుకుంటే ఆమె కళ్లు నిండాయి. ఆఖరి పాదంలో రాజు సెలవు తీసుకుంటూ కళ్లు మూసుకునేసరికి ఆమె చెంప మీదుగా కన్నీరు జారింది. షరీఫ్ ఫోన్ పక్కన పెట్టేశాడు. ఆమెను చూశాక, ఈ పాటలో తనకు తెలియనిదేదో ఉందేమోనని అతనికే అనుమానం వచ్చింది.

పద్యం ముగిసింది. మహిధర్ నుదురు తుడుచుకుని అందరినీ ఒకసారి చూశాడు.

"చూసిన్రా? ఇది యాక్టింగు గాదు మాస్టరు, నిజం ఏడుపు. ఇంట్ల రోజు పొద్దుగాల్ల గిట్లనే కరిగిపోతది. నా పాట గసుంటిది. గందుకే చెప్తున్న, దీనికి నటన రాదు."

నిజమే కాబోలని షరీఫ్ కూడా తలూపాడు. మాస్టరు నిట్టూర్చి, ఇక నీ వంతు, చేసి చూపించమ్మా అన్నాడు. మనోరమ పలకలేదు. ఇంకా భర్త వైపే, అదే తన్మయత్వంతో చూస్తోంది. మాస్టరు మళ్లీ పిలిచాడు. అయినా కదల్లేదు. పాట ఆమెను ఇంకా వదల్లేదని మహిధర్ మురిసిపోయాడు. చివరికి మాస్టరు ఆమె కళ్ల ముందు చెయ్యి ఊపాడు.

మనోరమ కొంగు వెనక్కి తీసింది. ఒక చెవిలోంచి ఒకటి, రెండో చెవిలోంచి ఇంకొకటి దూది ఉండలు తీసి హార్మోనియం మీద పెట్టి, కళ్లు తుడుచుకుంది.

"ఒక్కరన్న నమ్మిన్రా సార్?" అని అడిగింది.